నకిలీ కస్టమర్ కేర్ మోసములు – రైతులు తీసుకొనవలసిన జాగ్రత్తలు

సంచిపై చీటీ చూడక ఏ రైతూ విత్తనము కొనడు. కాని ఫోనులో వెదకగా దొరికిన నంబరును మాత్రము పరీక్షింపకనే నమ్మి, పంట పెట్టుబడిని పోగొట్టుకొనుచున్నవారు కలరు.

మోసము జరుగు తీరు

కూర్మన్నపాలెం కూడలిలో మీరొక మోటారు పంపు కొన్నారనుకొనుడు. అది చెడినది. కంపెనీ నంబరు కొరకు ఫోనులో వెదకితిరి. మోసగాండ్రు కంపెనీల పేరుతోను, బ్యాంకుల పేరుతోను తమ నంబరులను ముందుగనే ఇంటర్నెట్టులో పెట్టియుంచెదరు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఫిర్యాదు నమోదుకు పది రూపాయలు పంపుమనును. ఒక యాప్ దించుకొనుమనును. ఆ యాప్ వలన మీ ఫోను తెర వానికి కనిపించును. బ్యాంకు పంపిన ఓటీపీ వాని కంట పడును. ఎనీడెస్క్ అను యాప్‌ను మోసగాండ్రు ఇట్లు వాడుచున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించినది.

పి.ఎం. కిసాన్ వాయిదా ఆగినదని చెప్పి వాట్సాప్‌లో ఫైలు పంపుట మరియొక పద్ధతి. అట్టి ఫైలును తెరువరాదు.

గుర్తించుట ఎట్లు?

1. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నొక్క నక్కరలేదు. నొక్కుమన్నవాడు మోసగాడు.
2. ఓటీపీ, పిన్ ఏ బ్యాంకు ఉద్యోగియు అడుగరాదు.
3. "ఫోను పెట్టవద్దు, ఖాతా ఆగిపోవును" అని తొందరపెట్టినచో అనుమానింపవలెను.

నంబరును బిల్లు, వారంటీ కార్డు, బ్యాంకు పాసుపుస్తకముల నుండియే తీసుకొనవలెను. వ్యవసాయ సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉచితముగా పనిచేయును.

మోసపోయినచో

వెంటనే ఫోను కట్టివేసి, ఇంటర్నెట్టు ఆపివేయుడు. ఇంకొక ఫోను నుండి 1930 నంబరుకు తెలుపుడు. బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపివేయించుడు. మోసగాండ్రు సొమ్మును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా మార్చెదరు. అది ఇంకను ఏదేని ఖాతాలో నిలిచియున్నచో, 1930 ద్వారా అందిన ఫిర్యాదుపై బ్యాంకు దానిని కదలకుండ ఆపగలదు. కావున తెల్లవారనిమ్మని ఆగరాదు. సందేశములు, నంబరులు, లావాదేవీ వివరములు చెరిపివేయక దాచి, పోలీసు స్టేషనులో చూపవలెను. పోయిన సొమ్ము ఇప్పింతుమని ఫీజు అడుగుచు తరువాత వచ్చు ఫోనులు రెండవ మోసము, వానిని నమ్మరాదు.

గ్రామోద్యోగులకు మనవి

1930 నంబరును గ్రామ సచివాలయములోను, రైతు సేవా కేంద్రములోను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. గ్రామసభలో చదివి వినిపించుడు. సిగ్గుపడి దాచినచో సొమ్ము దక్కు సమయము దాటిపోవుననియు, మోసపోయినవానిని ఎగతాళి చేయరాదనియు అందరికి తెలియజెప్పుడు. నేడు ఒకరు ధైర్యముగా చెప్పినచో, రేపు పదిమంది పెట్టుబడి నిలుచును.