అంకె వేరు, పదును వేరు

సొంతంగా సెన్సర్ చేయాలని ఉబలాటపడే పిల్లలు ఎక్కువమంది మట్టి తేమ దగ్గరే మొదలుపెడతారు. మంచి ఎంపికే. ఖర్చు తక్కువ, డాబా మీద కుండీకైనా ఊళ్లో మిరప చేనుకైనా పనికొస్తుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టి తలపండిన వాడిగా వాళ్లకు నేను చెప్పే మాటలు ఇవి.

1. అది కొలిచేదేమిటో ముందు తెలుసుకోండి. ఈ సెన్సర్లలో ఏదీ తడిని నేరుగా చూడదు. రెండు పుల్లలు గుచ్చే రకం, మట్టి కరెంటును ఎంత అడ్డుతుందో చూస్తుంది. పొటాషో డీఏపీయో వేస్తే లవణాలు పెరుగుతాయి. నీళ్లు అంతే ఉన్నా తడి పెరిగిందంటుంది. కెపాసిటివ్ రకం మట్టి డైఎలెక్ట్రిక్ స్థిరాంకాన్ని పట్టుకుంటుంది. అది గాలికి 1, ఎండిన మట్టికి సుమారు 3 నుంచి 5, నీటికి దాదాపు 80. ఇంత తేడా ఉంది కాబట్టే ఈ పద్ధతి నిలబడింది.

2. పుల్లలకు ఆగకుండా డీసీ ఇవ్వకండి. ఇంటర్లో చదివిన విద్యుద్విశ్లేషణ మీ కుండీలోనే మొదలవుతుంది. పాజిటివ్ వైపు పుల్ల కరిగి, రీడింగు రోజురోజుకీ జారిపోతుంది. కొలిచే క్షణంలోనే కరెంటు ఇవ్వండి, ప్రతిసారీ ధ్రువాలు మార్చండి. అదీ వద్దనుకుంటే రాగి మట్టికి తగలని కెపాసిటివ్ రకం చేసుకోండి.

3. పాత చిప్పును చిన్నచూపు చూడకండి. హాన్స్ కామెంజిండ్ రూపొందించిన 555 టైమర్‌ను సిగ్నెటిక్స్ 1972లో మార్కెట్లోకి తెచ్చింది. ఈ పనికి ఇప్పటికీ అది చాలు. కెపాసిటర్ ఉండాల్సిన చోట మీ ప్రోబ్ కలపండి. తడి పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. రెసిస్టర్లు 10 కిలోఓములు, 100 కిలోఓములు పెడితే 100 పికోఫారడ్ల దగ్గర సుమారు 68 కిలోహెర్ట్జ్, 400 దగ్గర సుమారు 17 వస్తుంది. ఆర్డుయినో ఆ పల్సులు లెక్కపెడితే సరి. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. మామూలు ఎన్‌ఈ555కు కనీసం 4.5 వోల్టులు కావాలి. 3.3 వోల్టుల బోర్డుకైతే టీఎల్‌సీ555 లాంటి సీమాస్ రకం తీసుకోండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా, నంబరు చదివి తీసుకోండి.

4. బ్రెడ్‌బోర్డు మీద వచ్చిన అంకెను ఖాయం చేసుకోకండి. దాని పక్కపక్క వరుసల మధ్యే కొన్ని పికోఫారడ్లు ఉంటాయి. వైరు కదిలినా, చెయ్యి దగ్గరకొచ్చినా రీడింగు మారుతుంది. ఆలోచన పనిచేస్తుందో లేదో చూడ్డానికే అది. తర్వాత డాట్ బోర్డు మీద సోల్డర్ చేయండి. ప్రోబ్ వైర్లు పొట్టిగా ఉంచండి. చిప్పు సప్లై కాళ్లకు ఆనించి 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, దాన్ని నోట్‌బుక్‌లో రాయండి.

5. క్రమాంకనమే సగం పని. చాలామంది దాన్ని ఎగ్గొట్టి, ప్రోబ్‌ను గాలిలో ఒకసారి, గ్లాసు నీళ్లలో ఒకసారి పెట్టి, మధ్యలో శాతాలు గీసేస్తారు. మొక్క గాలిలోనూ బతకదు, గ్లాసులోనూ బతకదు. మీ మట్టినే తీసుకోండి. ప్రయోగశాలల్లో 105 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు ఆరబెడతారు; ఇంట్లో మంచి ఎండలో, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టండి. కిలో తూచి, 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు కలుపుతూ, ప్రతిసారీ ఒకే గట్టిదనంతో నొక్కి, రీడింగు రాయండి. ఒక్కో మెట్టూ బరువులో 5 శాతం. నల్లరేగడికి గీసిన గీత ఎర్ర నేలకు పనికిరాదు, ఒకరి కళ్లద్దాలు మరొకరికి పనికిరానట్టే.

6. చేలో పరీక్ష వేరు. పీసీబీ కోసిన అంచుల్లోంచి నీళ్లు లోపలికి పాకుతాయి. అంచులకు ఎపాక్సీ గానీ, కనీసం రెండు పూతలు నెయిల్ పాలిష్ గానీ వేయండి. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. ప్రోబ్ పక్కన గాలి చేరితే నేల ఉన్నదానికన్నా పొడిగా కనిపిస్తుంది. ఎండ వేడికీ రీడింగు కదులుతుంది కాబట్టి రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు చదవండి. వరసగా కొన్ని రీడింగులు తీసి, వరుసలో పేర్చి, మధ్యదాన్ని నమ్మండి.

7. కావలసింది నిర్ణయం, దశాంశాలు కావు. తెర మీద 37.42 శాతం అని చూసి మురిసిపోకండి. నీళ్లు పెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న. పదును తెలిసిన రైతును పిలిచి, గుప్పిట్లో మట్టి పట్టి చెప్పమనండి. ఆయన తడి పెట్టాలన్న రోజు అంకె, చాలన్న రోజు అంకె రాసుకోండి. మోటారు ఆన్‌కు ఒకటి, ఆఫ్‌కు మరొకటి పెట్టండి. రెండింటికీ ఒకే గీత పెడితే మోటారు నిమిషానికోసారి ఆగి, తిరిగి, చివరికి కాలిపోతుంది. ఆయన మాటకూ మీ అంకెకూ ఒక పంటకాలమంతా పొత్తు కుదిరాకే మోటారును సెన్సర్ చేతికివ్వండి.