కార్డుల గారడీ

కంప్యూటర్ శాస్త్రమనగానే చాలామందికి యంత్రాలు వరుసగా అమర్చిన గది స్ఫురిస్తుంది. ఉన్నత పాఠశాలలో ఆ పాఠం తరచుగా నిర్వచనాలతో మొదలై ఆదేశాల జాబితాతో ముగుస్తుంది. అడగని ప్రశ్నకు సమాధానం చెప్పినట్లుండే ఆ బోధన వల్ల, తెలివైన విద్యార్థులు సైతం ఈ శాస్త్రం తమకు పట్టుబడదని తొలి వారాల్లోనే నిశ్చయించుకొంటారు. యంత్రాల కొరత కన్న ఇది పెద్ద నష్టం.

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టిమ్ బెల్, మైక్ ఫెలోస్, ఇయాన్ విటెన్‌లతో కలిసి వేరొక మార్గం తొక్కారు. 1998లో వారు వెలువరించిన 'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' పుస్తకంలోని పాఠాలకు కంప్యూటరే అక్కరలేదు. వాటిలో ఒకటి కార్డుల గారడీ.

ఒక వైపు రంగు, మరొక వైపు తెలుపు ఉన్న 25 కార్డులను ఒక విద్యార్థి ఇష్టం వచ్చినట్లు ఐదు వరుసలుగా పేరుస్తాడు. "ఇది మరీ సులువు" అంటూ ఉపాధ్యాయురాలు అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస చేర్చి వాటిని 36 చేస్తారు. ఆమె వెనుదిరిగి నిలుచున్నప్పుడు ఎవరో ఒక కార్డును తిరగవేస్తారు. ఆమె ఇటు తిరిగి, క్షణంలో ఆ కార్డును చూపుతారు. "ఎలా?" అన్న ప్రశ్న అప్పుడు విద్యార్థుల నోటనే వెలువడుతుంది.

రహస్యం ఆమె చేర్చిన 11 కార్డులలో ఉంది. ప్రతి అడ్డు వరుసలోను, ప్రతి నిలువు వరుసలోను రంగు కార్డుల లెక్క సరిసంఖ్య అయ్యేటట్లు ఆమె వాటిని పేర్చారు. ఒక కార్డు తిరగబడగానే ఒక అడ్డు వరుసలో, ఒక నిలువు వరుసలో లెక్క బేసి అవుతుంది. ఆ రెండూ కలిసే చోటిదే మారిన కార్డు. ఈ సంగతిని వెంటనే చెప్పివేస్తే గారడీ వృథా. విద్యార్థులను కొంతసేపు తంటాలు పడనివ్వాలి. ఓపిక లేనివారి చేతిలో ఎంత మంచి పాఠమైనా మళ్లీ నిర్వచనంగానే మిగులుతుంది.

కంప్యూటర్లు సమాచారాన్ని సున్నాలుగా, ఒకట్లుగా పంపుతాయి. దారిలో ఒక అంకె తారుమారైతే అందుకొనే యంత్రం ఎట్లా గుర్తిస్తుంది? కార్డులతో కుస్తీ పట్టినవారికి ఇది కొత్త ప్రశ్న కాదు. ఆధార్ సంఖ్యలోని 12వ అంకె కూడ ఇటువంటి కాపలాదారే. దాని గణితం మరింత క్లిష్టమైనదైనా, ముందున్న 11 అంకెలను బట్టే అది నిర్ణయమవుతుంది.

గారడీని చెడగొట్టాలని చూసే వెనుక బెంచీ విద్యార్థి ఇక్కడ చాలా అవసరం. ఒకే అడ్డు వరుసలో అతడు రెండు కార్డులు తిప్పితే, తప్పు జరిగిందని తెలుస్తుంది కాని, ఏ వరుసలోనో తెలియదు. దీర్ఘచతురస్రపు నాలుగు మూలల్లోని కార్డులను తిప్పితే, తప్పు జరిగిన జాడ సైతం మిగలదు.