మేలిముసుగు రెబెక్కా

హైదరాబాదులో మూసీనది దక్షిణతీరాన గల సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పాలరాతి యువతి నిలిచి ఉంది. ఆమె ముఖంపై సన్నని మేలిముసుగు. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినను ఒకదాని వెనుక ఒకటి ఉన్నట్లు కన్ను నమ్ముతుంది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ విగ్రహాన్ని 1876లో ఐరోపా యాత్రకు వెళ్ళిన నిజాం దివాను, మొదటి సాలార్‌జంగు, రోమ్ నగరంలో కొన్నాడు.

ఈ కళాసంపదకు ధనమెక్కడిది? సాలార్‌జంగుల సిరికి మూలం జాగీర్లు. మహబూబ్‌నగర్ సీమలోని కోస్గి, నల్లగొండ సీమలో భువనగిరి చెంతనున్న రాయగిరి వారి ఎస్టేటులోని తాలూకాలే. ఏ బొమ్మకు ఏ ఊరి శిస్తు చెల్లిందో ఎవరూ తేల్చలేరు. కాని ఆ మెట్టపొలాల రైతు చెమట ఈ సేకరణలో కలిసి ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

సేకరణలో అధికభాగం మూడవ సాలార్‌జంగు యూసుఫ్ అలీఖాన్‌ది. అతడు 1949లో వారసులు లేకుండా మరణించాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టం దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. నాటి నుండి పోషణ ప్రజాధనంతోనే.

అయితే వస్తువును కొనుట వేరు, దానిని ప్రజలకు విప్పిచెప్పుట వేరు. అమెరికాలో చిల్లర దుకాణాలతో ధనికుడైన శామ్యూల్ క్రెస్ 1929లో ఒక ధర్మనిధి నెలకొల్పాడు. ఐరోపా ప్రాచీన చిత్రాలను మ్యూజియాలకు ఇచ్చుటతో అది ఆగలేదు. వాటి అధ్యయనానికి, వివరణకు కూడా నేటికీ ధనసహాయం చేస్తున్నది. కొనుగోలు ఒకనాటి ఖర్చు. వివరణకు పండితుడు, అనువాదకుడు, మార్గదర్శి కావాలి. వారి జీతం ఏటేటా చెల్లించాలి. దాతలు వెనుకాడేది ఇక్కడే!

కోస్గి నుండి విహారయాత్రకు వచ్చిన విద్యార్థి రెబెక్కా ముందు నిలిచాడనుకొందాం. తెలుగు బైబిలులో ఆమె పేరు రిబ్కా. ఒంటెపై వస్తూ, ఎదురుగా వచ్చేవాడు తనకు కాబోయే భర్త ఇస్సాకు అని తెలిసి ముసుగు వేసుకొన్న పెండ్లికూతురు. ఈ నాలుగు మాటలు చెప్పేవారుంటే, మన పెండ్లిలో వధూవరుల నడుమ పట్టే అడ్డుతెర ఆ విద్యార్థికి తనంతట తానే స్ఫురిస్తుంది. చెప్పేవారు లేకపోతే అతడు రాతిపనిని మెచ్చుకొని, గడియారం గది వైపు సాగిపోతాడు.