వాదనలో మనసు విరిచే మాటలు

నమాజులో ఆమీన్ బిగ్గరగా పలకాలా, మెల్లగా పలకాలా? తరావీహ్ ఎనిమిది రకాతులా, ఇరవయ్యా? ఇలాంటి విషయాలపై మన మస్జిదు వరండాల్లోనూ, ఇళ్ళలో దస్తర్‌ఖాన్ దగ్గరా చర్చ మొదలవుతుంది. కాసేపు ఆధారాల మీదే నడుస్తుంది. అంతలో ఎవరో ఒకరు “నీకేం తెలుసని మాట్లాడుతున్నావు?” అంటారు. ఇక ఆమీన్ సంగతి అందరూ మరచిపోతారు. ఎవరి పరువు నిలబడాలన్నదే మిగులుతుంది. ఇలాంటి వాదన తర్వాత సలాం చెప్పుకోవడం మానేసిన అన్నదమ్ములు మన ఊళ్ళలో ఉన్నారు. వారిని విడదీసింది మస్అలా కాదు, ఆ ఒక్క మాట.

ఏ మాట అనకూడదో నిర్ణయించేది ఎవరు? అన్నవాడా, విన్నవాడా? హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో అల్లాహ్ విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, ఎత్తిపొడుచుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ వారించాడు. ఇందులోని పేర్ల ప్రస్తావన తమ బనూ సలిమా తెగవారి విషయంలో అవతరించిందని హజ్రత్ అబూ జబీరా (రజి) చెప్పినట్లు సుననె అబూదావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) మదీనా వచ్చేనాటికి ఆ తెగలో ఒక్కొక్కరికి రెండు మూడు పేర్లు ఉండేవి. ఆయన ఎవరినైనా ఒక పేరుతో పిలిస్తే, ‘దైవప్రవక్తా! ఆ పేరు వింటే అతనికి కోపం వస్తుంది’ అని పక్కవారు చెప్పేవారు. అప్పుడే ఆ ఆదేశం వచ్చింది. గమనించండి, పిలిచినవారి ఉద్దేశం ఏమిటన్న ప్రశ్న ఇక్కడ రాలేదు. విన్నవాడి మనసు నొచ్చుకోవడమే లెక్కలోకి వచ్చింది.

“ఉన్నమాటే కదా అన్నాను” అని కొందరు సమర్థించుకుంటారు. సహీహ్ ముస్లింలోని హదీసులో దైవప్రవక్త (స) పరోక్షనింద అంటే ఏమిటో వివరిస్తూ, మీ సోదరుణ్ణి అతనికి నచ్చని విధంగా ప్రస్తావించడమే అన్నారు. ఆ లోపం అతనిలో నిజంగా ఉంటేనో అని అడిగితే, ఉంటే అది పరోక్షనింద, లేకపోతే అపనింద అని చెప్పారు. వీపు వెనక అంటే పాపమయ్యే మాట, నలుగురిలో ముఖాన అంటే పుణ్యమవుతుందా?

అన్నిటికంటే లోతుగా గుచ్చుకునేది పుట్టుకను ఎత్తి అనే మాట. మారూర్ బిన్ సువైద్ అనే తాబయీ రబజా అనే చోట హజ్రత్ అబూజర్ (రజి)ని కలుసుకున్నారు. ఆయన ఒంటి మీద ఎలాంటి దుస్తులు ఉన్నాయో ఆయన బానిస ఒంటి మీదా అలాంటివే ఉన్నాయి. ఆశ్చర్యపోయి కారణం అడిగితే హజ్రత్ అబూజర్ (రజి) తన పాత సంగతి చెప్పారు. తాను ఒకరితో గొడవపడి, అతని తల్లిని ఎత్తి ఎగతాళి చేశానని, అది తెలిసి దైవప్రవక్త (స) తనలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని మందలించారని వివరించారు. మీ సేవకులు మీ సోదరులే, మీరు తినేదే వారికి పెట్టండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి అని కూడా ఆ సందర్భంలోనే ప్రవక్త (స) ఆదేశించారు. ఇది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని ప్రసిద్ధి. గొడవ దేని గురించో, అందులో న్యాయం ఎవరిదో ఉల్లేఖనంలో లేదు. న్యాయం అబూజర్ (రజి) వైపే ఉన్నా ఆ మాట తప్పే.

మన ప్రాంతంలో ఈ గుణం వేరే రూపంలో కనిపిస్తుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు మనలో లక్షల మంది ఉన్నారు. వారిలో ఒకరు మస్జిదులో ఒక విషయం అడిగితే, జవాబుకు బదులు “ఉర్దూ రాదు గానీ దీన్ మాట్లాడతాడు” అనే ఎత్తిపొడుపు వినిపిస్తుంది. కొన్నిచోట్ల తాతల నాటి దూది ఏకే వృత్తి పేరే తిట్టుగా మారుతుంది. ఉర్దూలో ధార్మిక సాహిత్యం అపారం, సందేహం లేదు. నేను దీన్ చదువుకున్నదీ ఆ భాషలోనే. కానీ ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపానని అల్లాహ్ ఇబ్రాహీమ్ సూరా 4వ ఆయత్‌లో తెలియజేశాడు. ఈ ఎత్తిపొడుపు విన్న యువకుడు మళ్ళీ ఆ మస్జిదుకు రాకపోతే, ఆ లెక్క ఎవరు అప్పజెప్పాలి?

“నువ్వసలు ముస్లిమువేనా?” అనేది నోరు జారి అనే మాటల్లో అతి భయంకరమైనది. ఒకడు తన సోదరుణ్ణి కాఫిర్ అంటే ఆ మాట ఇద్దరిలో ఒకరి మీద పడి తీరుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దీని గురించి ఇంతకుమించి చెప్పనవసరం లేదు.

మరి ఎలా మాట్లాడాలి? మర్యమ్ సూరా 42 నుంచి 47 వరకు ఆయత్‌లు ఒకసారి నిదానంగా చదవండి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) విగ్రహారాధకుడైన తండ్రితో మాట్లాడుతున్నారు. ప్రతి మాటకూ ముందు ‘నాన్నగారూ’ అంటూ నాలుగుసార్లు పిలిచారు. తండ్రిని అజ్ఞాని అనలేదు. మీకు అందని జ్ఞానం కొంత నాకు అందింది అన్నారు, అంతే. తండ్రి మాత్రం ‘కుమారా’ అని ఒక్కసారైనా అనలేదు. పేరుపెట్టి పిలిచి, రాళ్ళతో కొడతానన్నాడు. అందుకు కుమారుడి జవాబు సలాం. తౌహీద్‌లో ఆయన ఆవగింజంత కూడా తగ్గలేదు, గొంతు మాత్రం పెంచలేదు. పెద్దలకు ధర్మం చెప్పబోయి గద్దించే యువకులు ఈ ఆయత్‌లను కంఠస్థం చేయడం మంచిది.

సబా సూరా 24, 25 ఆయత్‌లు ఇంకా ఆశ్చర్యం గొలుపుతాయి. మేమో మీరో, ఎవరో ఒకరు సన్మార్గంలోనో స్పష్టమైన అపమార్గంలోనో ఉన్నామని బహుదైవారాధకులతో చెప్పమని అల్లాహ్ తన ప్రవక్తకు నేర్పాడు. సత్యం ఎవరివైపు ఉందో తెలిసి కూడా ఎదుటివాడికి ఆలోచించే చోటు వదిలాడు. తర్వాతి ఆయత్‌లో తమ పనుల గురించి ‘మా అపరాధాలు’ అనే మాట, ఎదుటివారి పనుల గురించి ‘మీరు చేసేవి’ అనే మాట వచ్చాయి. అపరాధం అనే పదాన్ని మన వైపు పెట్టుకోమన్నాడు! మనం సరిగ్గా దీనికి తలకిందులుగా మాట్లాడతాం.

అలాగని తప్పు చూసి నోరు మూసుకోమని కాదు. ఎవరిలోనైనా తప్పు కనిపిస్తే దైవప్రవక్త (స) తరచూ పేరు చెప్పకుండా, కొందరికి ఏమైంది, ఇలా చేస్తున్నారేమిటి అని అందరి ముందూ విషయం చెప్పేవారు. తప్పు సరిదిద్దబడేది, మనిషి పరువూ దక్కేది.

వినేవాడికీ బాధ్యత ఉంది. ఒకడు అల్లాహ్‌కు భయపడమని చెబితే ‘నీ సంగతి నువ్వు చూసుకో’ అనడం అల్లాహ్‌కు మిక్కిలి అసహ్యమైన మాటల్లో ఒకటని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖనం. ఇది మనం రోజూ వినే మాటే. అయితే వాదనలో ఓడిపోతున్నప్పుడు “అల్లాహ్‌కు భయపడు” అని గద్దించి ఎదుటివాడి నోరు మూయించేవారినీ చూస్తుంటాం. హితవును కర్రలా వాడటం హితవు కాదు.

ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహ్) శిష్యుల్లో యూనుస్ సదఫీ ఒకరు. ఒకరోజు ఆయన ఒక మస్అలాపై గురువుగారితో వాదించి వెళ్ళిపోయారు. తర్వాత కలిసినప్పుడు ఇమామ్ గారే శిష్యుడి చేయి పట్టుకుని, అబూ మూసా అని గౌరవంగా పిలిచి, ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరకపోయినా మనం సోదరులుగా ఉండలేమా అని అడిగారు.