మామిడి జీడితో సిరా పూత

మామిడికాయను ఇనుప కత్తిపీటతో కోసినప్పుడు ముక్కల అంచులు నల్లబడుట మన నూజివీడు తోటల ప్రాంతమున ఎల్లరకు తెలిసినదే. దానిని మరకయని తుడిచివేయుదుము. నిజమునకు అది సిరా. చేతితో పండుగ శుభాకాంక్షల పత్రములు తయారుచేయు మేము ఆ సిరానే నేపథ్యపు పూతగా వాడి చూచితిమి.

మామిడి జీడిలోను, కరక్కాయలోను టానిన్ అను వగరు పదార్థము కలదు. అది ఇనుముతో కలిసి, గాలి సోకిన కొలది నల్లబడును. పెడన, మచిలీపట్నం కలంకారీ పనివారి నలుపునకు మూలమిదియే. వారు వస్త్రమును కరక్కాయ, పాలు కలిపిన ద్రవములో తడిపి ఆరబెట్టి, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవముతో అచ్చు వేయుదురు.

మేము టెంకలు పగులగొట్టి, జీడిని దంచి, నీటిలో మరిగించి వడగట్టితిమి. ఆ కషాయమును దళసరి కాగితముపై వెడల్పు కుంచెతో పూసి ఆరనిచ్చితిమి. తుప్పు మేకులను వారము దినములు వెనిగరులో నానబెట్టి, ఆ నీటిని పలుచచేసి చిలకరించితిమి. చుక్క పడినచోట బూడిద రంగు పుట్టి, క్రమముగా చిక్కనై మబ్బువలె పరచుకొన్నది. పారశీకమున ‘అబ్ర్’ అనగా మబ్బు. 17వ శతాబ్దపు బీజాపూర్ చిత్రకారులు వాడిన ‘అబ్రీ’ కాగితమునకు ఆ పేరు అందుండియే వచ్చెను. అయితే అబ్రీలో రంగులను చిక్కని ద్రవముపై తేల్చి, వానిపై కాగితమును పరచి ఎత్తుదురు. మా పద్ధతి దానికి దూరపు చుట్టము మాత్రమే.

మాకు రెండు చిక్కులు ఎదురైనవి. మొదటిది, పూతపై వ్రాసిన అక్షరములు ప్రాకిపోయినవి. కాతిబులు కాగితమునకు ‘ఆహార్’ పట్టించి నున్నని రాతితో మెరుగు పెట్టుదురు. మన నేతగాండ్రు నూలుకు గంజి పెట్టుటయు అటువంటిదే. పలుచని బియ్యపు గంజి పూసి, ఆరిన పిదప గవ్వతో రుద్దగా అక్షరము నిలిచినది.

రెండవది తీవ్రమైనది. నిరుడు ఒక పెద్దమనిషికి మేము అన్నభేదితో నల్లని పూత వేసిన పత్రమునిచ్చితిమి. ఆయన దానిని భద్రముగా దాచుకొనిరి. ఈ యేడు చూడగా కాగితము గోధుమవన్నెకు మారి, మడత వద్ద చిట్లియున్నది. అన్నభేది టానిన్‌తో కలిసినప్పుడు గంధకికామ్లము వెలువడును. మిగిలిన ఇనుము సైతము కాగితపు నారను క్షీణింపజేయును. దాచుకొనుటకే ఇచ్చిన వస్తువు దాచిన చోటనే చెడుట మాకు సిగ్గు కలిగించినది.

కావున ఇనుప నీటిని మితముగా, అంచులందు మాత్రమే వాడవలెను. మడతపై వేయరాదు. అక్షరములను దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాతో వ్రాయవలెను. మసి వెలిసిపోదు, కాగితమును తినదు. ఈ యేడు అట్టి పత్రముపై ఉర్దూలో ‘ఈద్ ముబారక్’ అనియు, దాని క్రింద తెలుగున ‘పండుగ శుభాకాంక్షలు’ అనియు వ్రాసి ఆ పెద్దమనిషికే మరల అందజేసితిమి.

పాఠకులారా, వచ్చు వేసవిలో రసాలు ఆరగించిన పిదప టెంకలను పారవేయకుడు.