బిడ్డకు కాగితం

నారాయణవనం ఆకాశరాజు కథ మన పక్క అందరికీ తెలిసిందే. ఆ రాజుకు పిల్లలు లేరు. యాగం చేయాలని నేల దున్నించాడు. నాగటి చాలులో తామరపువ్వు దొరికింది. పువ్వులో ఆడబిడ్డ ఉంది. ఆ బిడ్డే పద్మావతి. ఆమెను పెళ్ళాడిన శ్రీనివాసుణ్ణి సాకిన తల్లి వకుళమాత. ఆమె కూడా కన్నతల్లి కాదు. పేరూరు బండ మీద ఆమెకు గుడి ఉంది. పాడుబడిన ఆ గుడిని మళ్ళీ కట్టి 2022లో తెరిచారు. అంటే తిరుమల కథలో పెళ్ళికూతురూ పెంపుడు బిడ్డే, పెళ్ళికొడుకూ పెంపుడు బిడ్డే.

ఆకాశరాజు బిడ్డను ఎత్తుకొని నేరుగా ఇంటికి పోయాడు. ఆయన రాజు. ఆయన మాటే చట్టం. మనకు అట్ల కుదరదు. ఎందుకు కుదరదో, ఎట్ల చేస్తే కుదురుతుందో చూద్దాం.

అలిపిరి దగ్గర పూలు కట్టి అమ్మే ఒక అక్క ఉందనుకుందాం. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. పిల్లలు లేరు. మొక్కని దేవుడు లేడు. ఒకరోజు తెల్లవారుజామున మెట్ల దావలో గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ కనిపించింది. చుట్టూ ఎవరూ లేరు. "స్వామి నాకే ఇచ్చినాడు" అని ఆ అక్క బిడ్డను గుండెకు హత్తుకొంది. "ఇంటికి పోదాం పా. ఎవరూ చూళ్ళేదు" అన్నాడు మొగుడు. పక్క అంగడి పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దీని తల్లి యాడ ఏడుస్తా తిరగతా ఉందో! నీకేం తెలుసు?" అంది.

పెద్దమ్మ మాట నిజం. 2017 జూన్ నెలలో ఒక కుటుంబం అనంతపురం జిల్లా నుంచి తిరుమలకు వచ్చింది. రాత్రి ఆరుబయట పడుకున్నారు. లేచి చూస్తే ఏడాది కూడా నిండని మగబిడ్డ లేడు. కొన్నాళ్ళకు ఆ బిడ్డ తమిళనాడులో దొరికాడు. అన్ని రోజులు ఆ తల్లి కూడు ఎట్ల తినిందో, ఎట్ల నిద్రపోయిందో మనం ఊహించుకోవచ్చు. మనకు దొరికిన బిడ్డ ఇంకొకరికి పోయిన బిడ్డ కావచ్చు.

అందుకే బిడ్డ దొరికితే మొదట 1098 నంబరుకు ఫోను చేయాలి. డబ్బులు పడవు. పోలీసు స్టేషనుకు పోయినా సరే. బిడ్డను 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోతారు. తరువాత శిశుగృహలో ఉంచుతారు. కన్నవాళ్ళ కోసం వెతుకుతారు. పేపర్లో ఫోటో వేస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డ అయితే రెండు నెలలు చూస్తారు. పెద్ద బిడ్డ అయితే నాలుగు నెలలు చూస్తారు. ఎవరూ రాకపోతే, ఈ బిడ్డను దత్తత ఇవ్వవచ్చు అని సమితి కాగితం రాస్తుంది.

"అయితే ఆ బిడ్డను నాకే ఇస్తారా?" అని ఆ అక్క అడుగుతుంది. ఇవ్వకపోవచ్చు. ఈ మాట చేదుగానే ఉంటుంది. కానీ దొరికినంత మాత్రాన హక్కు రాదు. బిడ్డల కోసం దేశమంతా ఎంతోమంది వరసలో ఉన్నారు. ఆ అక్క కూడా ఆ వరసలో చేరాలి. సర్వదర్శనం క్యూ లాంటిదే ఇది. ఇక్కడ మాత్రం ఎమ్మెల్యే ఉత్తరం పనికిరాదు.

ఈ వరసను కారా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూస్తుంది. పేరు కంప్యూటర్లో నమోదు చేయాలి. మనకు చేతకాకపోతే జిల్లా బాలల సంరక్షణ ఆఫీసులో అడగవచ్చు. దావ తెలియకపోతే అంగన్‌వాడీ టీచరును అడగండి. భార్యాభర్తల ఫోటో కావాలి. వయసు, పెళ్ళి, ఇల్లు, సంపాదన చూపే కాగితాలు కావాలి. పెద్ద జబ్బులు లేవని డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా కావాలి. తరువాత ఒక ఉద్యోగి ఇంటికి వచ్చి మాట్లాడతారు. మేడ ఉందా, కారు ఉందా అని కాదు వాళ్ళు చూసేది. బిడ్డను సాకే శక్తి ఉందా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని చూస్తారు. అత్త సణుగుతూ ఉంటే అది కూడా వాళ్ళకు తెలిసిపోతుంది.

వయసు లెక్క ఒకటి ఉంది. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 మించకూడదు. పూల అక్కకు 38, ఆమె మొగుడికి 44 అనుకోండి. కలిపితే 82. రేపు మాపు అని రెండేళ్ళు గడిపితే 86 అవుతుంది. అప్పుడు ఇంకా పెద్ద బిడ్డనే అడగాలి. మొగుడు లేని ఆడమనిషి, పెళ్ళి కాని ఆడమనిషి కూడా దత్తత తీసుకోవచ్చు. పసిబిడ్డ కావాలంటే ఆమె వయసు 40 దాటకూడదు. ఒంటరి మగవాడికి మాత్రం ఆడబిడ్డను ఇవ్వరు.

వరస వచ్చేదానికి ఏళ్ళు పట్టవచ్చు. వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, ఆరోగ్యం వివరాలు చూపిస్తారు. 48 గంటల్లో ఔననో కాదనో చెప్పాలి. ఔనంటే శిశుగృహకు పోయి బిడ్డను చూసి, కాగితాలు రాసి ఇంటికి తెచ్చుకోవచ్చు. అప్పటికి పని సగమే అయింది. దత్తత ఉత్తర్వు రావాలి. ముందు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు చూపితే పుట్టిన సర్టిఫికెట్‌లో అమ్మా నాన్నల పేర్లుగా వీళ్ళ పేర్లే రాస్తారు. ఆస్తిలో, అన్నింటిలో కన్నబిడ్డకున్న హక్కులే ఆ బిడ్డకూ ఉంటాయి. తరువాత రెండేళ్ళు ఆరు నెలలకొకసారి వచ్చి బిడ్డను చూసిపోతారు. తప్పు పట్టేదానికని భయపడవద్దు.

ఇంత తిరగలేక కొందరు అడ్డదావ పడతారు. "లక్ష రూపాయలియ్యి. రేపే బిడ్డను తెచ్చిస్తా. సర్టిఫికెట్ కూడా నీ పేరుతోనే" అని చెప్పే మనుషులు ఉంటారు. బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి వాళ్ళే అమ్మితే ఏడేళ్ళ వరకు. డబ్బు ఇవ్వకున్నా, దొరికిన బిడ్డను చట్టం ప్రకారం కాకుండా ఉంచుకుంటే మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. జైలు సంగతి అట్లుంచండి. మూడేళ్ళు సాకినాక పోలీసులు వచ్చి బిడ్డను తీసుకుపోతే? "అమ్మా" అని ఏడ్చే బిడ్డకు ఏం చెబుతాం?

ఇంతవరకు తెచ్చుకునే తల్లి మాట. ఇచ్చే తల్లి కూడా ఉంది. ఆమె సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1999లో, 2001లో తెలంగాణ తండాలలో పేద తల్లుల దగ్గర ఆడబిడ్డలను కొన్న సంగతి బయటపడింది. ఆ బిడ్డలను హైదరాబాదు అనాథాశ్రమాలకు చేర్చారు. దత్తత పేరుతో విదేశాలకు పంపారు. చదువురాని తల్లి చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంతసేపు?

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో ఆ తల్లికి తెలియాలి. బిడ్డను సాకలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు మాత్రమే బిడ్డను అప్పగించాలి. నర్సుకు కాదు, ఆయాకు కాదు, మొగుడి స్నేహితుడికి కాదు. ఎవరూ బలవంతం చేయకూడదు. అప్పగించినాక కూడా 60 రోజుల గడువు ఉంది. ఆ లోపల మనసు మారితే బిడ్డను వెనక్కి అడగవచ్చు. కాగితాన్ని చదవకుండా సంతకం చేయవద్దు. నిదానంగా, కూడబలుక్కొని అయినా సరే, చివరి దాకా చదవండి.

"మా చెల్లెలి బిడ్డను తెచ్చుకుంటే ఇదంతా ఎందుకు?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. దానికి వేరే దావ ఉంది. హిందువులకు 1956లో దత్తత చట్టం వచ్చింది. ఇచ్చేవాళ్ళు ఇవ్వాలి, తీసుకునేవాళ్ళు తీసుకోవాలి. హోమం చేయకపోయినా చెల్లుతుంది. మామూలుగా బిడ్డకు 15 ఏళ్ళు నిండి ఉండకూడదు. కొడుకు ఉన్నవాళ్ళు ఇంకో కొడుకును, కూతురు ఉన్నవాళ్ళు ఇంకో కూతుర్ని ఈ చట్టం కింద తీసుకోలేరు. డబ్బు ఇచ్చి పుచ్చుకోకూడదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రాయించి, రెండు వైపులా సంతకాలు చేసి రిజిస్టరు చేయించుకుంటే మంచిది. రేపు ఆస్తి దగ్గర తగాదా వస్తే ఆ పత్రమే నిలబడుతుంది. నోటిమాటతో తెచ్చుకున్న బిడ్డలు పెద్దయినాక కోర్టుల చుట్టూ తిరగడం మన ఊళ్ళలో కొత్త కాదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వాళ్ళు ఈ చట్టం కిందికి రారు. కారా దావలో ఏ మతం వాళ్ళయినా తీసుకోవచ్చు.

ఈ 1956 చట్టంలో మొదట ఒక లోటు ఉండేది. మొగుడు ఉన్న ఆడమనిషి తన పేరుతో దత్తత తీసుకోలేదు. మొగుడే తీసుకోవాలి, ఆమె ఊ అనాలి. 2010లో దాన్ని మార్చారు. ఇప్పుడు భార్య కూడా తీసుకోవచ్చు, భర్త ఊ అనాలి. బిడ్డను దత్తత ఇచ్చే దగ్గర కూడా అంతే. ఇద్దరూ ఒప్పుకోవాలి. తల్లి సంతకం లేకుండా తండ్రి ఒక్కడే బిడ్డను ఇచ్చేస్తే చెల్లదు.

మీ సంఘంలో కూర్చొని మాట్లాడుకోండి. మీ ఊళ్ళో పెంపుడు బిడ్డలు ఎవరున్నారు? వాళ్ళకు ఉత్తర్వు గానీ, రిజిస్టరు పత్రం గానీ ఉందా? ఉంటే ఒకసారి తెప్పించి, అందులో తల్లి పేరు ఎక్కడ రాశారో వెతికి చదవండి.