ప్రణాళిక కాగితం దాటాలంటే

ప్రశ్న: విపత్తు నిర్వహణలో డిప్లొమా చేసి, తీరప్రాంత గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. చదివినదానికీ, తుపాను వేళ జరిగేదానికీ పొంతన కుదరడం లేదు. ఏం చేయాలి?

జవాబు: హెచ్చరిక వినగానే జనం కదలరనీ, ఇరుగుపొరుగును అడిగి నిర్ధారించుకున్నాకే బయల్దేరతారనీ పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. కాబట్టి మైకు ప్రచారంతో సరిపెట్టకండి. వీధికొకరు చొప్పున, ఊరు నమ్మే మనుషులను ముందే ఎంచుకోండి. పడవలు, వలలు, పశువులను ఎక్కడ భద్రపరచాలో ప్రణాళికలో రాయండి. వాటిని వదిలి రాలేకే కొందరు ఆగిపోతారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో కరెంటునూ ఫోన్లనూ కలిపి దెబ్బతీసింది. అందుకే మాక్ డ్రిల్‌ ఒక్కసారైనా ఫోన్లు ఆపేసి చేయండి. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించాలి. డ్రిల్‌లో బయటపడ్డ లోపాలను ఆ సమీక్షకు ముందే రాతపూర్వకంగా పై అధికారులకు పంపండి.